అత్త కొలతకు చెక్కిన రాతిపెట్టె

థార్న్‌మియర్ మఠం,
సకల పునీతుల పండుగ తర్వాతి మంగళవారం.

హావిస్ అక్కకు, తమ్ముడు ఆస్బర్ట్ నమస్కరించి రాస్తున్నది.

చేతిలో పాలకుండ ఉంటే ముందు కింద పెట్టి తర్వాత చదువు. గున్నిల్డ అత్త ఇప్పుడు మా మఠంలో ఉంది. నేను చూసుకునే రోగుల గదిలోనే, నా కళ్ళ ముందే ఉంది.

అత్తకి జ్వరం తగిలిందని పోయిన వారం ఎల్డర్‌కోట్ నుంచి కబురొచ్చింది. వినగానే మఠాధిపతి గారే స్వయంగా బండి కట్టించారు. దారి పొడవునా జనం బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆవిడ బండి దిగేలోపే కింద పరిచిన ఎండుగడ్డి అంతా లాక్కుపోయారు, తాయెత్తుల్లో పెట్టుకోవడానికట. మన ముక్కులు చీది, చెవులు మెలిపెట్టి పెంచిన అత్తేనా ఈవిడ అనిపించింది నాకు. ఉన్ని వ్యాపారి కూతురికి చూపు తెప్పించిన దగ్గర్నుంచీ ఆవిడ పేరెత్తితే శిలువ గుర్తు వేసుకోనివాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు.

ఈకల పరుపు, తెల్ల రొట్టె, నిప్పుల కుంపటి, అన్నీ అమర్చాను. తోడుగా మా బట్టలుతికే ఆల్డిత్‌ని పెట్టాను. బూడిదనీళ్ళలో నాని నాని చేతులు పగిలిపోయిన మనిషి, ఎప్పుడూ దగ్గుతూ ఉంటుంది, కానీ కబుర్లకి లోటు లేదు. ఇద్దరూ అప్పుడే జట్టు కట్టేశారు.

మఠాధిపతి గారు నన్ను పిలిచి, ఇంత పుణ్యాత్మురాలి రక్తం నాలో ఉందని ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగారు. ఈస్టర్ తర్వాత నన్ను మఠానికి ఉపాధిపతిని చేసే ఆలోచన ఉందట.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. ఎవరైనా అడిగితే మన నాన్న సొంత భూమి దున్నుకున్న స్వతంత్రుడని చెప్పు. ఎల్డర్‌కోట్ హేమో దొర గారి వెట్టివాళ్ళమని బయటపడితే ఈ అంగీ నా ఒంటిమీద ఒక్కరోజు నిలవదు. దొర విడుదల చేయనిదే పుట్టువెట్టివాడు గురువు కాకూడదని నీకూ తెలుసు.

తమ్ముడు
ఆస్బర్ట్

*

మార్ష్‌వెల్ కన్యాశ్రమం, పాలకొట్టం,
మార్టిన్ పునీతుని పండుగ మర్నాడు.

తమ్ముడికి,

నీ ఉత్తరం అందేసరికే నాకు సంగతి తెలుసు. జున్ను తీసుకుని అత్తని చూద్దామని ఎల్డర్‌కోట్ వెళ్ళాను. తలుపు లేదు. గాలికి ఊడిందనుకునేవు, కాదు. నరికి పేళ్ళు చేసి ఇంటికో పేడు పట్టుకెళ్ళారు. గడపనీ వదల్లేదు. కోళ్ళు వీధిలో పడ్డాయి. అత్త తల దువ్వుకునే దువ్వెన కోసం ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటుంటే చూశాను. ఆ దువ్వెనలో పేలు కూడా ఉండి ఉంటాయి. వాటినీ పూజిస్తారు కాబోలు.

ఇంతకీ ఆవిడ చేసిన అద్భుతం ఏమిటో నీకు తెలియదా? ఆ పిల్ల కళ్ళకి పుసి కట్టి, రెప్పలు అంటుకుపోయాయి. అత్త గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడిగి, రెప్పలు విప్పింది. మనకి చిన్నప్పుడు ఎన్నిసార్లు చేయలేదు? అప్పుడు మనకోసం ఎవరూ గంటలు కొట్టలేదు.

నువ్వు పరుపు సంగతి రాశావు, రొట్టె సంగతి రాశావు. ఆవిడ తనంత తాను వచ్చిందో లేదో రాయలేదు. బండి ఎక్కించేటప్పుడు "పొయ్యి మీద సూపు ఉంది, దించి వస్తా" అని పెనుగులాడిందని పక్కింటావిడ చెప్పింది. నలుగురు సన్యాసులు కాళ్ళూ చేతులూ పట్టుకున్నారట. జ్వరంతో ఉన్న ముసలిదాన్ని.

ఇంకొకటి. మనిద్దరి ఉత్తరాలూ మోసే ఉప్పు బండి వాట్ చెప్పాడు, మీ గుడిలో తాపీవాళ్ళు రాతిపెట్టె ఒకటి చెక్కుతున్నారట. అది ఎవరి కొలతకి చెక్కుతున్నారు?

జ్వరం తగ్గగానే ఆవిడని ఇంటికి ఎప్పుడు పంపుతావో రాయి.

హావిస్

*

థార్న్‌మియర్ మఠం,
క్రిస్మస్ వారం.

అక్కా,

నీకు ఎప్పుడూ ప్రతిదాంట్లో కుళ్ళు కనబడుతుంది. అవును, పెట్టె అత్త కోసమే. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. జరగబోయేదానికి ముందే గౌరవంగా సిద్ధం కావడం తప్పు ఎలా అవుతుంది? రాజుల సమాధుల పక్కన పెట్టదగిన రాయి అది. మన నాన్నకి గోనెపట్టా అయినా దక్కిందా?

తాపీమేస్త్రి వచ్చి తాడుతో అత్తని కొలిచాడు. అత్త సంతోషించి, "కొత్త గౌను కుట్టిస్తన్నారా నాయనా? నడుం కాడ కాస్త వదులుగా పెట్టు" అంది. ఆల్డిత్ మొహం అటు తిప్పుకుంది. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో నాకు తెలియదు.

జ్వరం తగ్గిపోయింది. ఆ తెల్ల రొట్టె మహిమో, విశ్రాంతి మహిమో, బుగ్గలు కూడా వచ్చాయి. రోజూ ఇంటికి వెళ్తానంటుంది, కోళ్ళని అడుగుతుంది. ఇంత చలిలో ఎలా పంపను? యాత్రికులు వరసలు కట్టి వస్తున్నారు. ఆవిడ కాళ్ళు కడిగిన నీళ్ళు చిన్న సీసపు బుడ్లలో పోసి ఇస్తున్నాం. తాగుతున్నారు, అక్కా. మోకాలి నొప్పులు తగ్గాయని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. మా గంటలు కొట్టే సన్యాసి వారానికోసారి వచ్చి గోళ్ళు కత్తిరించుకుపోతాడు, ఇప్పుడు గోరు కింది మాంసం దాకా కత్తిరిస్తున్నాడు. కొంచెం నెత్తురు వచ్చింది. వద్దని చెప్పాను. భక్తి కొంచెం ఎక్కువైతే ఇలా ఉంటుంది.

మఠాధిపతి గారు రోజూ పొద్దున పూజ కాగానే నన్ను "ఎలా ఉంది?" అని అడుగుతారు. మెరుగ్గా ఉందని చెబుతాను. ఏమీ అనకుండా వెళ్ళిపోతారు.

నాన్న సంగతి ఎవరితోనూ అనలేదు కదా?

ఆస్బర్ట్

*

మార్ష్‌వెల్ పాలకొట్టం,
కొవ్వొత్తుల పండుగ దాటిన వారం.

తమ్ముడూ,

నా కుళ్ళు కళ్ళతోనే మళ్ళీ మళ్ళీ చదివాను నీ ఉత్తరం. మెరుగ్గా ఉందంటే ఆయన ఏమీ అనకుండా వెళ్తున్నాడు. నీకు అర్థం కావడం లేదా, అర్థమై కూడా అలా రాస్తున్నావా? ఆవిడ బతికి ఉంటే మీ మఠానికి ఒక ముసలమ్మ. చస్తే ఒక పునీతురాలు. బతికి ఇంటికొచ్చి, ఎల్డర్‌కోట్‌లో చస్తే మీకు పెట్టె తప్ప ఏమీ మిగలదు. అందుకే పంపరు. ఈ పని పందిని బలిపించేవాడి పని కంటే హీనం. వాడు కనీసం పంది చేత దీవెనలు పెట్టించుకోడు.

నేనొకటి ఆలోచించాను. ఆవిడ పుణ్యాత్మురాలు కాదని నలుగురి ముందూ తేలితే మీకు అక్కర్లేదు కదా, మీరే గెంటేస్తారు. నీకు ముందే చెబితే ఆపుతావు, అందుకని ఈ ఉత్తరం నీకు రెండు వారాలు ఆగి ఇమ్మని వాట్‌కి చెప్పాను. ఈపాటికి ఆల్డిత్ చేతికి ఒక రొట్టె చేరి ఉంటుంది. లోపల మా చలికాలపు పంది, నెత్తురూ కొవ్వూ వెల్లుల్లీ కూరిన పేగు, మూరెడు పొడుగు. తపస్సు కాలంలో, చేప తప్ప మాంసం ముట్టకూడని శుక్రవారం, యాత్రికులు నిండుగా ఉన్నప్పుడు తినమని చెప్పించాను. అత్తకి ఈ పని నేర్పక్కర్లేదు.

ఇంకొక మాట. పగలూ రాత్రీ ఏదో చేదు కషాయం ఇస్తున్నారని అత్త వాట్‌తో చెప్పిందట. జ్వరం లేని మనిషికి కషాయం దేనికి? అది కలిపేది ఎవరు?

హావిస్

*

థార్న్‌మియర్ మఠం,
తపస్సు కాలం మూడో ఆదివారం.

అక్కా,

నువ్వు చేసిన పని ఎక్కడికి పోయిందో విను.

శుక్రవారం గది నిండా జనం. కుంటివాళ్ళు, గజ్జి పట్టినవాళ్ళు, ఒక పెద్దింటి ఆవిడ, ఇద్దరు పరదేశి గురువులు. అత్త దిండు కింద చెయ్యిపెట్టి నీ మూరెడు పేగు బయటికి తీసి కొరికింది. కొవ్వు గడ్డం మీదుగా కారింది. నములుతూ, "నాలుగు నెలల్నించి నోరు సచ్చిపోయిందమ్మా, పంది మాంసం ఎంత కమ్మగుందో" అని అందరికీ వినబడేలా అంది. వెల్లుల్లి వాసన గుప్పుమంది.

మఠాధిపతి గారు ముందుకొచ్చారు. వేలితో ఆవిడ గడ్డం తుడిచి, వాసన చూశారు. కళ్ళు మూసుకున్నారు.

"చేప" అన్నారు.

గజ్జివాడు మోకాళ్ళ మీద పడ్డాడు. తర్వాత అందరూ పడ్డారు. నోటిదాకా వచ్చిన మాంసం చేపగా మారిందని ఏడుపులు, పాటలు. మఠాధిపతి గారు వేలు నా ముక్కు దగ్గర పెట్టి, "నువ్వు వైద్యుడివి, నువ్వు చెప్పు" అన్నారు. చేపే అన్నాను. మిగిలిన ముక్క అత్త చేతిలోంచి లాగేసి వెండి డబ్బాలో పెట్టారు. ఇప్పుడు రాతిపెట్టె మీద చేప బొమ్మ కూడా చెక్కుతున్నారు.

అత్త మధ్యలో "చేపేంట్రా, పంది" అంటూనే ఉంది. ఎవరూ వినలేదు. ఆ పెద్దింటి ఆవిడ అత్త పాదం ముద్దు పెట్టుకోవడానికి వంగి, చిటికెన వేలి గోరు పళ్ళతో పీకి, బుగ్గన దాచుకుంది. అత్త అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ వేలికి నేనే కట్టు కట్టాను. నాకు కూడా అసహ్యం వేసింది, అక్కా. నువ్వు నమ్మకపోయినా రాస్తున్నాను.

ఇంకో చిన్న కబురు. ఆల్డిత్ నిన్న పోయింది. దగ్గు. నిద్రలోనే పోయింది, బాధ పడలేదు. బట్టలుతికే చావిడి వెనక పాతిపెట్టాం.

ఆస్బర్ట్

*

మార్ష్‌వెల్ పాలకొట్టం,
తపస్సు కాలం నాలుగో వారం.

ఆస్బర్ట్,

పందిని చేప అన్నావు. నీ నోటితో. సరే.

కషాయం ఎవరు కలుపుతున్నారని అడిగాను. పెద్దింటావిడ పళ్ళ గురించి రాశావు, వెండి డబ్బా గురించి రాశావు, ఆ ఒక్క మాటకి జవాబు రాయలేదు. ఇంకొకటి. దగ్గుతో పోయేవాళ్ళు నిద్రలో పోరు. అమ్మ దగ్గుతోనే పోయింది. మూడు వారాలు గోడకి ఆనుకుని కూర్చునే ఉంది, నిద్ర ఎక్కడిది? నీకు అప్పుడు ఐదేళ్ళు, గుర్తుండదు. నాకు గుర్తుంది.

ఇప్పుడు నేను చేసింది చెబుతాను. కూర్చుని చదువు.

ఎల్డర్‌కోట్ వెళ్ళి హేమో దొర గారి కార్యదర్శిని కలిశాను. గున్నిల్డ ఈ దొర గారి పుట్టువెట్టి మనిషని, దొర సెలవు లేకుండా ఆయన భూమి దాటించి మఠంవాళ్ళు ఎత్తుకుపోయారని చెప్పాను. గొడ్డుని తోలుకుపోయినట్టే కదా అన్నాను. వాడి కళ్ళు మెరిశాయి. పిండిమర తిప్పే మరచెరువు విషయంలో దొరకీ మీ మఠాధిపతికీ పదేళ్ళుగా పడదు. దొర వినగానే తొడ చరుచుకున్నాడట. పునీతురాలైనా సరే, నా మనిషి నాకు కావాలన్నాడు.

నిన్నటిదాకా మన మెడలో గుదిబండ అనుకున్న వెట్టితనమే ఇప్పుడు అత్తని బయటికి లాగగలదు. తలుచుకుంటే రోత పుడుతోంది, కానీ వేరే దారి లేదు.

ఒక చిక్కుంది. ఆవిడ వెట్టి మనిషని రుజువు కావాలి. కాగితాల్లో లేదు. ఆవిడ రక్తసంబంధి ఒకరు దొర సభలో నిలబడి, తానూ పుట్టువెట్టినేనని ప్రమాణం చేయాలి. నేను చేస్తానన్నాను. కార్యదర్శి నవ్వాడు. ఆడదాని ప్రమాణం ఇలాంటి వ్యాజ్యంలో చెల్లదట, ఆడవాళ్ళ మనసు నిలకడ లేనిదట. వాడి మొహాన పాలు కొడదామనిపించింది.

మగవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే.

నువ్వు ఏం పోగొట్టుకుంటావో నాకు తెలుసు. ఆవిడ మనకోసం ఏం చేసిందో నీకూ తెలుసు. మన ఊరి గురువుకి ఏడేళ్ళు వంట చేసి, మనిద్దరికీ చదువు చెప్పించి, స్వతంత్రుడి పిల్లలమని మఠానికి ఆయన చేత ఉత్తరం రాయించింది. బైబిల్ మీద చెయ్యేసి అబద్ధం చెప్పింది. నరకానికి పోతానేమోనని ఈనాటికీ భయపడుతుంది. పునీతురాలట.

సభ ఈస్టర్ తర్వాతి రెండో సోమవారం.

హావిస్

*

థార్న్‌మియర్ మఠం,
మ్రానికొమ్మల ఆదివారం.

సోదరి హావిస్‌కు,

మీరు కోరింది నావల్ల కాదు. పద్దెనిమిదేళ్ళుగా నేను ఈ మఠం మనిషిని. నేను చేసిన పూజలు, ఇచ్చిన జ్ఞానస్నానాలు, విన్న పాపసంకీర్తనలు అన్నీ ఒక వెట్టివాడు చేసినవని తేలితే ఎంతమంది ఆత్మలు కలత చెందుతాయో ఆలోచించండి. ఈస్టర్ నాడు మా గురువులందరికీ పెద్దైన మేత్రాణులు స్వయంగా వస్తున్నారు. నా పేరు ఆయన ముందు చదువుతారు.

అత్త ఆరోగ్యంగానే ఉంది. దేవుని చిత్తం ఎలా ఉంటే అలా జరుగుతుంది. ఈ ఉత్తరాలు చదవగానే పొయ్యిలో వేయండి.

ఆస్బర్ట్, గురువు

*

మార్ష్‌వెల్.

కషాయం ఎవరు కలిపారు?

*

థార్న్‌మియర్ మఠం,
ఈస్టర్ వారం, బుధవారం.

అక్కా,

నేనే కలిపాను.

మొదట్లో అది నిద్రకి ఇచ్చే మామూలు కషాయమే. యాత్రికుల గోలలో ఆవిడకి నిద్ర పట్టేది కాదు. తపస్సు కాలం మొదలయ్యాక మఠాధిపతి గారు మందుల గదికి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఎప్పుడూ అలా కూర్చోలేదు. "ఈస్టర్‌కి మేత్రాణులు వస్తున్నారు, పెట్టె ఖాళీగా చూపించలేం. ఆమెకి బాగా నిద్ర పట్టేలా చూడు, నాయనా" అన్నారు. అంతే. చంపమని అనలేదు. అలాంటి మాట వాళ్ళు అనరు. ఎన్ని మత్తుగింజలు నూరాలో తెలిసినవాడిని నేను. రెండింతలు నూరాను. మర్నాడు మూడింతలు. తేనె కలిపి నా చేత్తోనే అందించాను. అత్త "బంగారు తండ్రి" అంది.

అత్త తాగలేదు. చేదని మొదటినుంచీ తాగడం లేదట. ఆల్డిత్‌కి ఇచ్చేది. ఆ పొద్దున గదిలోకి వెళ్ళేసరికి అత్త నవ్వుతూ వేలు పెదాల మీద పెట్టి, "మెల్లగా రారా. నీ మందు మంచిదిరా. నిన్న గిన్నెడూ తాగేసింది, తెల్లార్లూ ఒక్క దగ్గు దగ్గలే. పడుకోనీ పాపం" అంది.

ఆల్డిత్ మంచం పక్కన నేల మీద ఉంది. అప్పటికే చల్లబడింది.

నీకు దగ్గని రాశాను. మఠానికీ అదే చెప్పాను. శవాన్ని నేనే కడిగాను. ఆ పగిలిన చేతులు కడిగాక అదే చేతులతో పూజ చేశాను, రొట్టె విరిచాను, జనం నోట్లో పెట్టాను. నా చేతుల వాసన నాకే పడటం లేదు.

మేత్రాణులు వచ్చి వెళ్ళారు. పెట్టె ఖాళీగానే ఉంది. మళ్ళీ మందుల గదికి వచ్చారు మఠాధిపతి గారు.

సోమవారం సభకి వస్తున్నాను. అప్పటిదాకా అత్త గది గుమ్మంలోనే పడుకుంటాను, ఆవిడ తినేది ముందు నేను తింటాను.

ఆస్బర్ట్

*

ఎల్డర్‌కోట్,
సభ ముగిసిన గురువారం.

అక్కా,

నీకు సెలవు దొరకలేదని వాట్ చెప్పాడు. రాకపోవడమే మంచిదయింది, నువ్వుంటే నా నోరు పెగిలేది కాదు.

మఠం తరఫున వచ్చిన సన్యాసి నన్ను చూసి, సాక్ష్యం తమ వైపే అనుకుని నవ్వుతూ చోటిచ్చాడు. కార్యదర్శి నేనెవరో చెప్పమన్నాడు.

"నేను వుల్ఫ్రిక్ కొడుకుని. ఆయన ఈ దొర గారి వెట్టివాడు, నేనూ పుట్టుకతో వెట్టివాడినే. గున్నిల్డ మా నాన్న తోడబుట్టింది. అబద్ధం చెప్పి గురువునయ్యాను" అన్నాను.

దొర కడుపు పట్టుకుని నవ్వాడు. "ముసలిదాన్ని వెతుకుదామంటే సన్యాసి కూడా దొరికాడే" అన్నాడు. అత్త ఎలా ఉందని అడగలేదు. మరచెరువు సంగతి ఇక మఠాధిపతి మాట్లాడడు కదా అని మాత్రం అడిగాడు. అక్కడే నా అంగీ విప్పించారు. లోపలి చొక్కాతో నిలబడ్డాను. కార్యదర్శి నా పళ్ళు చూశాడు, భుజాలు నొక్కి చూశాడు, పేడ ఎత్తడానికి పనికొస్తానని రాసుకున్నాడు.

మర్నాడు దొర మనుషులు వెళ్ళి అత్తని తీసుకొచ్చారు. ఈసారి బండిలో పరిచిన ఎండుగడ్డి లేదు, ఎరువు తోలే బండి. అత్త దిగుతూనే తలుపేదని అడిగింది. తర్వాత కోళ్ళని అడిగింది. తర్వాత ఆల్డిత్ బట్టలు ఆమె చెల్లెలికి చేరాయా అని అడిగింది.

ఆల్డిత్ సంగతి దొర గారి గురువు దగ్గర ఒప్పుకుని పాపసంకీర్తన చేశాను. ఆయన చెవి గోక్కుంటూ విన్నాడు. బట్టలుతికేది కదా, ఏడు శుక్రవారాలు ఉపవాసం ఉండు చాలన్నాడు. నా మీద నాకున్న రోత చాలదని ఆయన మీద కూడా కలిగింది.

ఆస్బర్ట్

*

మార్ష్‌వెల్ పాలకొట్టం,
దూడలు వేసే వారం.

తమ్ముడూ,

జున్ను రెండు ముద్దలు పంపుతున్నాను. ఒకటి అత్తకి. రెండోది కూడా అత్తకే, నీకు కావాలంటే ఆవిడని అడుగు.

మన పుట్టుక ఇక్కడా తెలిసింది. మా కన్యాశ్రమం పెద్దమ్మగారు పిలిచి ఒకసారి చూసి, పాలు పొంగుతాయి పొమ్మన్నారు. నా జున్ను మీద ప్రేమ అంతే.

నిన్ను క్షమించానని రాయమని మనసు ఒక పక్క పోరుతోంది. రాయలేను. ఆ గిన్నె నువ్వు కలిపింది అత్త కోసం. అది గుర్తొచ్చినప్పుడల్లా నీ మొహం చూడబుద్ధి కాదు. కానీ నా మీద కూడా నాకు అసహ్యంగానే ఉంది. కషాయం గురించి ఎన్నిసార్లు అడిగాను, అన్నిసార్లూ అత్త కోసమే అడిగాను. నా రొట్టె దాచి గదిలోకి మోసింది ఆల్డిత్. ఆమె దగ్గు ఎలా ఉందని ఒక్కసారి అడగలేదు. ఆమె పోయిందని తెలిశాక కూడా నీ అబద్ధం పట్టుకోవడానికే వాడుకున్నాను.

మోకాలికి పందికొవ్వు రాయమను అత్తకి.

హావిస్

*

ఎల్డర్‌కోట్,
మైకేల్ దేవదూత పండుగ ముందురోజు.

అక్కా,

నీకు ఒక కబురు రాయాలి. ఎలా రాయాలో తెలియక పది రోజులు ఆగాను.

కోతల కాలంలో థార్న్‌మియర్ గంటలు మూడు రోజులు మోగాయి. పునీత గున్నిల్డ పరమపదించిందట. పెట్టెలో ఉంచి మూత వేశారు. హేమో దొర పట్టుకుపోయింది అదే పేరున్న వేరే వెట్టి ముసలిదట. అసలు పునీతురాలు స్వతంత్రుల ఇంట, పెద్ద వంశంలో పుట్టిందట. సభలో నేను చేసిన ప్రమాణమే వాళ్ళకి అక్కరకొచ్చింది.

పెట్టెలో ఉన్నది ఎవరో నాకు వాట్ చెప్పక్కర్లేకపోయింది, అయినా చెప్పాడు. బట్టలుతికే చావిడి వెనక మట్టి తవ్వి ఉందట.

ఇప్పుడు యాత్రికులు మన వాకిలి మీదుగానే పోతున్నారు. మూత వేయకముందు చూసినవాళ్ళు చెప్పుకుంటుంటే అత్తా నేనూ విన్నాం. చేతులు చెక్కుచెదరలేదట, పగుళ్ళు కూడా కనబడ్డాయట. లోకం పాపాలు ఉతికి ఉతికి ఆ చేతులు అలా పగిలాయని మఠాధిపతి ప్రసంగంలో చెబితే అందరూ ఏడ్చారట. నేను పేడగంప ఎత్తుకుని కంచె వెనక్కి వెళ్ళిపోయాను.

నిన్న ఒక ఆడమనిషి, నెత్తిన మూట, కాళ్ళు బొబ్బలెక్కి వచ్చింది. అత్త కొత్త గడప మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. పునీత గున్నిల్డ సమాధికి దారి ఎటని ఆమె అత్తనే అడిగింది.

అత్త బఠానీల చేట పక్కన పెట్టింది. వాగు దాటి కుడిపక్కకి పొమ్మని చెప్పింది. మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత లోపలికి వెళ్ళి, మన తేనెపట్టు తేనె చిన్న ముంతలో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఆవిడ కాడ పెట్టమ్మా. ఆవిడకి దగ్గుండేది" అంది.

ఆమె ముంత కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. అత్త మళ్ళీ బఠానీలు ఒలవడం మొదలుపెట్టింది. నేను గంపతో అక్కడే నిలబడ్డాను. ఇన్ని నెలల్లో ఆవిడకి నేనేమీ చెప్పలేదు, ఆవిడ ఏమీ అడగలేదు. తలెత్తకుండానే, "నువ్వూ ఓసారి పోయి రా" అంది.

వెట్టివాడు ఊరు దాటాలంటే దొర సెలవు ఇవ్వాలి. ఎందుకు వెళ్తున్నావని కార్యదర్శి అడుగుతాడు. రోజూ పొద్దున వాడి ఇంటి దాకా వెళ్తున్నాను, గుమ్మంలో నిలబడుతున్నాను, వెనక్కి వచ్చేస్తున్నాను.

నీ తమ్ముడు
ఆస్బర్ట్